మీరు కూల్‌డ్రింక్స్ తెస్తే చాలు సార్!

కార్తీకం దగ్గరపడుతుంటే కోలారు జిల్లాలో రెండు కాపుకొస్తాయి. ఒకటి అనపకాయ, రెండోది వనభోజనాల వాట్సాప్ గ్రూపు. అనపగింజల్ని పితికితే పప్పు బయటికొస్తుంది. గ్రూపును పితికితే కులం బయటికొస్తుంది. గింజలకైతే రాత్రంతా నానబెట్టే ఓపిక కావాలి. గ్రూపుకు అంత అక్కర్లేదు, మెనూ లిస్టు పెట్టేదాకా ఆగితే చాలు.

వనభోజనాలంటే మరీ ముసలి మాటగా ఉందని ఇప్పుడు పాట్‌లక్ అంటున్నారు. పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు ఆఫీసులకు పోయి రాత్రికి తిరిగొచ్చే పిల్లలు ఆ మాటను మోసుకొచ్చి రాబర్ట్‌సన్‌పేటలో దించారు. సూత్రం చంటిపిల్లలకూ అర్థమవుతుంది. ఇంటికో వంటకం, అందరిదీ అందరికీ. చందా లేదు, వంటమేస్త్రీతో బేరం లేదు, ఏ ఒక్క ఇల్లాలి నడుమూ విరగదు. ఇంత మంచి పద్ధతిని పాడు చెయ్యడం మామూలు మనుషుల వల్ల కాదు. దానికో కమిటీ కావాలి.

మా కాలనీలో కమిటీ ఏర్పడింది. ఏ కాలనీ అని అడగొద్దు. పేరు చెబితే పక్క కాలనీవాళ్లు తమనెందుకు వదిలేశానని నొచ్చుకుంటారు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి. పైసా చందా లేని వ్యవహారంలో కోశాధికారి ఏం చేస్తాడంటారా? పదవి ఇవ్వకపోతే అలుగుతాడు, ఇస్తే అలగడు. అదే ఆయన పని.

రాత్రి పదింటికి లిస్టు దిగింది. మూలింటి మాస్టారుగారు పులిహోర. మేడమీది మేడమ్ చిత్రాన్నం. గుడి పక్కింటివాళ్లు నిమ్మకాయ అన్నం, అంటే చిత్రాన్నమే, కానీ పోటీకి దిగారని అనుకోకూడదు కాబట్టి వేరే పేరు. అధ్యక్షులవారింట ఓళిగలు. కార్యదర్శి ఇంట అలసంద వడలు. ఇంకో ఇంట పెరుగన్నం, మరో ఇంట మజ్జిగ మిరపకాయలు. ఇలా సాగి సాగి లిస్టు అడుగుకు చేరాక మూడిళ్లు మిగిలాయి. వాటి ఎదురుగా ఇలా ఉంది: వాటర్ క్యాన్లు, అరటిపళ్లు, ఇక చివరింటి సార్‌కు కూల్‌డ్రింక్స్, పేపర్ ప్లేట్లు.

చివరింటి సార్ బ్యాంకులో మేనేజరుగా రిటైరయ్యారు. ఆయన ఇంటావిడ పితికిపప్పు కూర చేస్తే ఆ వాసన వీధి మలుపు దాకా వస్తుంది. ఆ సంగతి కాలనీలో అందరికీ తెలుసు, ఎందుకంటే అందరికీ ముక్కులున్నాయి. నాలుకల సంగతి వేరు.

పేపర్ ప్లేట్ల మాట అటుంచి, మిగతా ఆ మూడు వస్తువుల్నీ ఓసారి శ్రద్ధగా చూడండి. నీళ్ల క్యాను మూతకు సీలుంటుంది. కూల్‌డ్రింకు సీసాకు కంపెనీ బిరడా ఉంటుంది. అరటిపండుకైతే దేవుడే ప్యాకింగ్ చేసి పంపాడు. అంటే ఆ మూడిళ్లవాళ్లు ఏం తెచ్చినా అందులో వాళ్ల చెయ్యి పడకూడదు, వాళ్ల పొయ్యి సెగ తగలకూడదు. కమిటీలో ఒక్కరంటే ఒక్కరు కులం ఊసెత్తలేదు. ఎత్తరు కూడా. చదువుకున్నవాళ్లు. అవసరమైతే అంబేడ్కర్ జయంతికి ఫోటో ఫార్వర్డ్ చేసేవాళ్లు.

పైగా ఎంత మర్యాద! చివరింటావిడ "నేను పితికిపప్పు చేస్తా" అని గ్రూపులో రాసిన రెండు నిమిషాలకు అధ్యక్షుల భార్య ఫోనే చేసింది. "మీకేల అక్కా ఈ కష్టం? మోకాలు నొప్పంటా ఉంటిరి గదా. సార్ను కూల్‌డ్రింక్స్ తెమ్మనండి, సాలు." మోకాళ్ల నొప్పులు అధ్యక్షుల భార్యకూ ఉన్నాయి. ఇద్దరూ ఒకే డాక్టరు దగ్గరికి పోతారు. కానీ ఓళిగలు వత్తడానికి అడ్డురాని నొప్పి అనపగింజలు పితకడానికి అడ్డొస్తుందట. ఏ వైద్యశాస్త్రంలో ఉందో మరి.

ఇళ్లను ఇంత కచ్చితంగా ఎలా ఏరారు అని మీకు అనుమానం రావచ్చు. దీనికి మా ఊరి బంగారు గనుల చరిత్రలోనే ఓ పాఠముంది. 1930లో కంపెనీవాళ్లు కార్మికులందరి వేలిముద్రలూ తీసుకుని రిజిస్టరు కడతామన్నారు. మేమేమన్నా దొంగలమా అని కార్మికులు సమ్మెకు దిగారు. గనులు ఆగిపోయాయి, దొరలు వెనక్కి తగ్గారు. పాపం దొరలకు ఈ దేశపు పనితనం తెలియదు. మనిషి ఎవరో తేల్చడానికి సిరా, బొటనవేలు, రిజిస్టరు ఎందుకు? "మీదే ఊరు? ఆ ఊళ్లో ఎవరింటివాళ్లు? ఇంటిపేరేందన్నారు?" అని మూడు ప్రశ్నలు, మధ్యలో ఓ కాఫీ. పని అయిపోతుంది. ఎవరూ సమ్మె చెయ్యరు, పైగా కాఫీ బాగుందంటారు.

ఇదంతా ఏ ఊళ్లో జరుగుతోందో కూడా చెప్పాలి. సినిమా చూసి మా కేజీఎఫ్ అంటే మసి, గొడ్డలి, హీరోగారి గడ్డం అనుకునేవాళ్లు ఎక్కువయ్యారు కదా. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ కాలుపెట్టింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు లాగారు. బెంగళూరు ఇంకా లాంతర్ల కింద ఉండగా ఇక్కడ బల్బులు వెలిగాయి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి భూమిలోకి దిగింది. దొరలకు పూలతోటల బంగళాలు, ఆంగ్లో ఇండియన్లకు క్వార్టర్లు, కూలీలకు తడికెల గుడిసెలు. కూలీ లైన్లని పిలిచేది వాటినే. బంగారం ఎక్కడ దొరుకుతుందో మ్యాపులో గీసినంత స్పష్టంగా ఎవరు ఎక్కడ తినాలో కూడా గీశారు. ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళ కూలీలు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు, చుట్టుపక్కల కన్నడిగులు. గనిలోకి దిగినవాళ్లలో ఎక్కువమంది దళితులు. సొంత ఊళ్లలో భూస్వాముల అరుగు ఎక్కనివ్వని కులాలవాళ్లు ఇక్కడ నెలజీతం చేతిలో పట్టుకుని తల ఎత్తారు. కులాన్ని ఎదిరించిన అయోధ్యదాసు పండితుల శాక్య బౌద్ధ సంఘం మారికుప్పంలో శాఖ పెట్టింది. ఆయన పత్రిక 'తమిళన్' ఆయన పోయిన కొన్నేళ్లకు ఛాంపియన్ రీఫ్స్‌లోని సిద్ధార్థ ప్రెస్సులోనే అచ్చయ్యేది. ఈ నియోజకవర్గం అంబేడ్కర్‌వాదుల రిపబ్లికన్ పార్టీ మనిషిని ఎమ్మెల్యేగా అసెంబ్లీకి పంపింది. కులం మీద తిరగబడ్డ పుస్తకాలు అచ్చయిన ఊళ్లో ఇప్పుడు మెనూ లిస్టులు అచ్చవుతున్నాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూశారు. ఏం మూసినా కులం ఒక్కటి మాత్రం మూతపడలేదు.

వనభోజనం బేతమంగళం చెరువుకట్ట దగ్గర. గనులకు, ఊరికి నీళ్లు తాగించిన చెరువు. అక్కడికి చేరాక ముందు గంటసేపు ఉసిరిచెట్టు ఉందా లేదా అని చర్చ జరిగింది. లేదు. చింతచెట్టు కింద ఉసిరికొమ్మ పాతితే శాస్త్రం ఒప్పుకుంటుందని అధ్యక్షులవారు తీర్పిచ్చారు. శాస్త్రం అంత మెత్తనిదని ఆ పూటే తెలిసింది. ఏ విషయంలో మెత్తబడాలో దానికి బాగా తెలుసు.

గిన్నెలు దించారు. మూతలు తీస్తే ఒకటే పసుపు. పులిహోర పసుపు, చిత్రాన్నం పసుపు, నిమ్మకాయ అన్నం పసుపు, ఎవరికీ చెప్పకుండా ఇంకో ఇద్దరు తెచ్చిన పులిహోర కూడా పసుపే. గరిటెలు రెండు. ఉప్పు ఎవరూ తేలేదు. లిస్టులో లేదు కదా. అన్నం గిన్నె ఒక్కటి కూడా లేదు, ఎందుకంటే తెల్లన్నం తెస్తే తక్కువచూపు చూస్తారని అందరికీ భయం. ఇంటింటి స్టీలు గిన్నె మీదా పెళ్లినాటి తారీఖుతో సహా పేర్లు చెక్కి ఉన్నాయి, ఇంటిపేర్లతో. పాట్‌లక్‌లో ఎవరి గిన్నె ఎవరిదో కలిసిపోకుండా ఆ ఏర్పాటు. కలవవలసినవి ఇంకేవీ కలవకుండా కూడా అదే పనికొచ్చింది.

చివరింటావిడ పితికిపప్పు తెచ్చింది. ఫోన్లో సరేనని, ఇంట్లో చేసుకుని, కూల్‌డ్రింక్స్ పెట్టెతో పాటు గిన్నె కూడా తెచ్చి మూత తీసింది. ఇప్పుడు చూడాలి తమాషా. "అబ్బబ్బ, వాసనకే కడుపు నిండె అక్కా!" అన్నారు ఒకరు. వాసనకే నిండితే కూరతో పని లేదు గదా. "నేను కార్తీకంలో ఉల్లిపాయ తిననక్కా" అన్నారు ఇంకొకరు. ఆమె పేపర్ ప్లేటులో అప్పటికే కార్యదర్శిగారి అలసంద వడలు మూడున్నాయి, మూడింటిలోనూ ఉల్లిపాయ ముక్కలు కనిపిస్తూనే ఉన్నాయి. "మా ఆయనకు గ్యాసు" అన్నారు వేరొకరు. ఆయన గ్యాసు సంగతి అనపకాయలకే తెలుసు, పక్కనున్న శనగపప్పు ఓళిగలకు తెలియదు. అధ్యక్షులవారు పెద్దమనసు చేసుకున్నారు. గరిటె కొసతో కూర రవ్వంత తీసి ప్లేటు అంచున చుక్కలా పెట్టుకున్నారు, ఫోటో తీసేదాకా. ఫోటోలో అందరూ ఒకే వరుసలో కూర్చున్నారు. భుజాల మీద చేతులు వేసుకున్నారు. చివరింటి సార్ మధ్యలో ఉన్నారు, అదీ గౌరవంగా. కింద క్యాప్షన్: అందరం ఒక్కటే.

ఇక్కడే నా ఆరోపణ. వెనకటి కులం పంక్తిలో కాపలా కాసేది. పక్కన ఎవరు కూర్చోవాలి, ఎవరు దూరంగా కూర్చోవాలి అని. ఇప్పటి కులం తెలివిమీరింది. పక్కన కూర్చోనిస్తుంది, సెల్ఫీ తీయనిస్తుంది, చేతికి సీసా ఇచ్చి తాగమంటుంది. పంక్తి దగ్గర కాపలా ఎత్తేసి పొయ్యి దగ్గర పెట్టింది. నువ్వు మాతో కలిసి తినొచ్చు, మేము వండింది తినొచ్చు, ఎంతైనా తినొచ్చు. నువ్వు వండింది మేము తినడం దగ్గర మాత్రం మా మోకాలికి నీ మోకాలి నొప్పి గుర్తొస్తుంది.

పోనీ వీళ్లు నిజంగా అంత నిష్ఠగలవాళ్లా? ముళబాగిలు దోసె కోసం ఆదివారం కార్లేసుకుపోతారు, పెనం ముందున్నది ఎవరని అడిగినవాడు లేడు. బెంగళూరులో పిల్లలు ఫోను నొక్కితే బిరియాని గుమ్మంలోకి వస్తుంది, ఎవరు వండారో, ఎవరు కట్టారో, ఎవరు మోసుకొచ్చారో దేవుడికే తెలియాలి. డబ్బిచ్చి కొన్నదానికి అంటు లేదు. ప్రేమగా, ఊరికే తెచ్చినదానికి ఉంది. కారణం తేలికే. హోటలు వంటవాడి మొహం కనిపించదు. పాట్‌లక్‌లో వండినమనిషి ఎదురుగా నిలబడి "ఎలా ఉంది?" అని అడుగుతుంది.

శాకాహారం మాటెత్తి తప్పుకోవడం ఇంకో దారి. కార్తీకమాసంలో మాంసం మానేవాళ్ల మీద నాకే కోపమూ లేదు, అది వాళ్ల నియమం. కానీ కేంద్ర ప్రభుత్వపు 2014 ఎస్.ఆర్.ఎస్. సర్వే లెక్క చూడండి. పదిహేనేళ్లు దాటినవాళ్లలో మాంసాహారులు తెలంగాణలో, ఆంధ్రలో నూటికి 98 మందికి పైనే, కర్ణాటకలో నూటికి 79 మంది దాకా. మిగిలిన ఆ కాస్తమందీ మూటకట్టుకుని మా కాలనీకే వచ్చి దిగారా? పైగా పితికిపప్పులో మాంసం ఎక్కడుంది? అనపగింజ, కొబ్బరి, ధనియాలు. "మా ఇంట్లో ప్యూర్ వెజ్ గిన్నెలు వేరేగా ఉంటాయండీ" అన్నదాని అర్థం గింజల గురించి కాదు.

పెద్దవాళ్లు ఇలా మర్యాదగా చేసేదాన్ని పిల్లలతో చేయిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. ఇదే జిల్లాలో ముళబాగిలు తాలూకా కగ్గనహళ్లి బడి చాలు. మధ్యాహ్న భోజనానికి దళిత స్త్రీని వంటమనిషిగా పెట్టారని తల్లిదండ్రులు పిల్లల్ని బడే మాన్పించి వేరేచోట చేర్చారని 2015లో పత్రికలు రాశాయి. దాదాపు వందమంది పిల్లలు వెళ్లిపోయారు. వంటింటికి తాళం వెయ్యలేదు, బడికే వేసినంత పని చేశారు. కర్ణాటకలో ఆ పథకం పేరేంటో తెలుసా? అక్షర దాసోహ. దాసోహమంటే పన్నెండో శతాబ్దంలో బసవన్న, ఆయన శరణులు కులం చూడకుండా పంచిన అన్నం. పేరు మాత్రం తీసుకున్నారు. పేరుకు సీలుంటుంది కదా, దాంతో ఇబ్బంది లేదు.

మన తెలుగువాళ్లం కన్నడిగుల ముందు తీసిపోతామా? ఆ శతాబ్దంలోనే పల్నాడులో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడు. అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద, ఒకే కుండలోది. ఈనాటికీ కారెంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాల్లో మందపోరు రోజున చాపకూడు జరుపుతారు. ఆ ఉత్సవాలు మొదలయ్యేది కూడా కార్తీకం చివరే. సరిగ్గా ఆ కార్తీకంలోనే ఆంధ్ర, తెలంగాణ అంతటా తోటలన్నీ ఫ్లెక్సీలతో నిండిపోతాయి. ఫలానా కులస్థుల వనసమారాధన, ఫలానా కులబాంధవుల ఆత్మీయ వనభోజనాలు. ప్రతి కులానికీ ఓ మామిడితోట, ఓ మైకు, ఓ మంత్రిగారు. ఉసిరిచెట్టు ఎన్ని కులాల్ని మోస్తోందో లెక్కపెట్టి ఉంటే ఈపాటికి ఎండిపోయేది. వాళ్లను తిడతాను గానీ ఒక్క మాట ఒప్పుకుంటాను. వాళ్లు ఫ్లెక్సీ మీద కులం పేరు అచ్చేసి మరీ చేస్తారు. మా కమిటీకి ఆ నిజాయితీ కూడా లేదు.

సముద్రాలు దాటితే? అక్కడ మనవాళ్ల పాట్‌లక్‌లు ఇంకా నాజూకు. ఎక్సెల్ షీటు, రంగురంగుల గడులు, ఫలానా కౌంటీ తెలుగు కుటుంబాలు. ఆ షీటులోనూ కొన్ని పేర్లకు చిప్స్, సోడాలు, ఐస్‌క్రీమ్ ఎలా పడుతున్నాయో వాళ్లనే అడగండి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం వివక్ష చట్టంలో కులాన్ని చేరిస్తే అమెరికాలో అదే మొదటిదని అందరూ చెప్పుకున్నారు. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లు పాస్ చేస్తే, ఉన్న చట్టాలు చాలని గవర్నరు వీటో చేశాడు. మా అధ్యక్షులవారు కూడా ఇదే అంటారు, ఉన్న వంటకాలు చాలని.

కలిసి తింటే కులం పోతుందని నేనేమీ భ్రమపడటం లేదు. పోదని అంబేడ్కర్ 1936లోనే చెప్పాడు. లాహోరులో జాత్‌పాత్ తోడక్ మండలి పిలిచి, ఆయన రాసింది చూసి హడలిపోయి, సభే రద్దు చేసుకుంది. సహపంక్తి భోజనాలతో కులం చావదు, కులాంతర వివాహాలే మందు అన్నాడు ఆయన. ఆ లెక్కన మేము మందు దాకా కాదు, ఆస్పత్రి గేటు దాకా కూడా రాలేదు. పెళ్లి దేవుడెరుగు, ఒక గరిటె కూర దగ్గరే ఆగిపోయాం. 1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ దళితులైన పులయలతో కలిసి మిశ్రభోజనం చేస్తే సొంత కులంవాళ్లే వెలివేసి, పులయన్ అయ్యప్పన్ అని పేరు పెట్టారు. ఆయన ఆ పేరును బిరుదుగా తీసుకున్నాడు. మా కాలనీలో పితికిపప్పు రెండోసారి వడ్డించుకున్నవాడికి ఏ పేరు పెట్టి ఉండేవారో తెలియదు. అవకాశమే రాలేదు. సాయంత్రం నాలుగింటికి గిన్నెలు సర్దుతుంటే ఆ పప్పు అంచు దాకా అలాగే ఉంది. చివరింటావిడ ఏమీ అనలేదు. "మిగిలితే మంచిదే, రాత్రికి పని తప్పింది" అంది. సీసాలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

ఆ రాత్రే గ్రూపులో నేనో ప్రతిపాదన పెట్టాను. వచ్చే ఏడు లిస్టు వద్దు, చీట్లు వేద్దాం. ఒక డబ్బాలో ఇంటింటి పేర్లు, ఇంకో డబ్బాలో వంటకాలు. ఒక పిల్లాడితో తీయిద్దాం. పులిహోర వచ్చినవాళ్లు పులిహోర చేస్తారు, పేపర్ ప్లేట్లు వచ్చినవాళ్లు పేపర్ ప్లేట్లు తెస్తారు, అధ్యక్షులవారికి వాటర్ క్యాను వస్తే అధ్యక్షులవారే మోసుకొస్తారు. ఇంకో నియమం కూడా చేర్చాను. ప్రతి గిన్నెలోంచీ ప్రతివాళ్లూ నిండుగరిటె వడ్డించుకోవాలి, గ్యాసున్నవాళ్లు మాత్ర ముందే వేసుకురావాలి.

నీలం టిక్కులు అన్నీ పడ్డాయి. గంటసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ గ్రూపులో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు, పొద్దున్నే గులాబీలు పంపేవాళ్లు కూడా పంపలేదు. తర్వాత కార్యదర్శి రాశారు, "మంచి ఆలోచన సార్, అందరితో మాట్లాడి చూద్దాం." ఆయన అందరితో మాట్లాడారు. అందరూ అంటే లిస్టులో పైనున్న ఇళ్లు. మర్నాడు మధ్యాహ్నానికి అధ్యక్షులవారి మెసేజి వచ్చింది. ఎవరికీ శ్రమ ఉండకూడదనే సదుద్దేశంతో, ముఖ్యంగా మోకాళ్ల నొప్పులున్న అక్కచెల్లెళ్లను దృష్టిలో పెట్టుకుని, వచ్చే ఏడు నుంచి వనభోజనం కేటరింగుకు ఇస్తున్నాం. తలకింత. చందా కోశాధికారిగారికి ముందే కట్టాలి. కింద వరుసగా బొటనవేళ్లు, దండాలు, చప్పట్లు. వేలిముద్రలు ఇచ్చినంత బుద్ధిగా, ఒక్కరూ సమ్మె చెయ్యలేదు.

అన్నిటికీ అడుగున కార్యదర్శిగారు ఇంకో ముక్క చేర్చారు: "కోలార్లో, బంగారుపేటలో ఇద్దరు ముగ్గురు కేటరర్లున్నారు. రేటు సంగతి నేను చూస్తాను. వంటవాళ్లు ఎవరో, ఎవరింటివాళ్లో తెలిసినవాళ్లు కాస్త కనుక్కుని పర్సనల్‌గా మెసేజి పెట్టగలరు."